ఎవరిదా పడవ?

తెల్లవారుజాము మూడున్నర దాటింది. కృష్ణపట్నానికి ఉత్తరాన, మైపాడు దిక్కుగా ఉన్న ఒక పట్టపుపాళెం, అంటే పట్టపు మత్స్యకారుల ఊరు. సరుగుడు తోపు దాటి ఇసుకలోకి దిగాం. సముద్రం ఇంకా కనబడటం లేదు, వినబడుతోంది. తలకు టార్చిలైట్లు కట్టుకున్న నలుగురు ఫైబర్ బోటును నీళ్ల వైపు తోస్తున్నారు. మనం దగ్గరికి పోగానే పెద్దాయన తన లైటు మన మొహం మీదికి తిప్పాడు. పలకరింపు కంటే ముందు ప్రశ్న వచ్చింది.

“ఆధార్ కార్డు తెచ్చుకున్నావా నాయనా?”

తెచ్చుకున్నాం. కార్డు మీది ఫోటో చూసి, మన మొహం చూసి, తిరిగి ఇచ్చేశాడు. “నువ్వు ఈ పాళెపోడివి కాదు. నడిసముద్రంలో ఆపి వీడెవుడని అడిగితే మేం ఏదో ఒకటి చెప్పాల గదా. రాత్రే స్టేషనుకు ఫోన్ చేసి చెప్పి పెట్టుండా.”

ఇంజను పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో మందపాటి పాలిథిన్ కవరు, నోరు రబ్బరు బ్యాండుతో బిగించి ఉంది. బోటు రిజిస్ట్రేషన్ కాగితం, నలుగురి క్యూఆర్ కోడు కార్డులు, డీజిల్ సబ్సిడీ పుస్తకం. వలకంటే ముందు బోటెక్కేది ఇప్పుడు ఈ కవరే. పెద్దాయన తండ్రి కాలంలో తెప్ప మీద పోయేవాళ్లు. గోచీ, తెడ్డు, వల, చద్ది కుండ. ఎవరూ ఏ కాగితమూ అడగలేదు.

“ముంబైలో కాల్పులు జరిగినాయే, అప్పట్నుంచి” అన్నాడు పెద్దాయన అల్లుడు, ఇంజను తాడు లాగుతూ. 2008లో, దేశానికి అవతలి వైపు, మరో సముద్రం ఒడ్డున జరిగిన సంగతి అతనికి ఆ కవరు రూపంలో గుర్తుంది.

మొదటి అల బోటు ముక్కును పైకెత్తింది. రెండో అల మన ఒళ్లంతా తడిపింది. మూడోది దాటేసరికి నీళ్లు నెమ్మదించాయి. వెనక్కి చూస్తే తీరం చీకటి గీత. దక్షిణాన మాత్రం నేలటూరు థర్మల్ కేంద్రం గొట్టాల మీద ఎర్ర దీపాలు, పోర్టు క్రేన్ల మీద తెల్ల దీపాలు. ఎదురుగా చీకట్లో అక్కడక్కడా చిన్న చిన్న వెలుగులు. మన కంటికి అన్నీ ఒకటే. పెద్దాయనకు కాదు.

“అది మా బావమరిది బోటు. ఆ పక్కది కోడూరు వాళ్లది, లైటు కిందికి కట్టుంటారు. ఆ దూరంగా పోయేది పెద్ద బోటు, జువ్వలదిన్నె నుంచి దిగినట్టుండాది.” ఇంజను చప్పుడు విని మనిషిని చెప్తాడు. కొంతసేపటికి ఒక వెలుగు మన వైపు తిరిగింది. పెద్దాయన లేచి నిలబడి గట్టిగా ఏదో అరిచాడు. తెలుగు, తమిళం కలగలిసిన, పట్టపు వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే మాట. అవతల నుంచి అదే యాసలో బదులొచ్చింది, వెంటనే నవ్వు. బదులు వేరే యాసలో వచ్చి ఉంటే ఆయన ఆ బోటు నంబరు చూసే దాకా వదిలేవాడు కాదు.

ఆగ్నేయంగా, బాగా లోపల, ఒక వరుసలో నాలుగైదు పెద్ద వెలుగులు. వాటిని చూడగానే బోటులో మాట మారింది. “సోనా బోట్లు” అన్నాడు అల్లుడు. కడలూరు, కారైకాల్ వైపు నుంచి వచ్చే పెద్ద ఇంజన్ల బోట్లకు నెల్లూరు తీరం పెట్టుకున్న పేరది. ఒడ్డుకు దగ్గరగా వచ్చి, దొరికింది దొరికినట్టు లాక్కుపోతాయని, స్థానికుల వలలు తెంచేస్తాయని ఇక్కడివాళ్ల కోపం. ఇస్కపల్లి దగ్గర మత్స్యకారులు ఆ బోట్లను పట్టుకుని ఒడ్డుకు లాగి కట్టేసిన సందర్భాలున్నాయి. ఈ తీరంలో ‘బయటి నుంచి ముప్పు’ అని అడిగితే జనానికి ముందు తోచేది తుపాకీ కాదు, సోనా బోటు.

ఒడ్డు నుంచి నాలుగైదు మైళ్ల దూరంలో, పది బారల లోతులో వల దించారు. ఇంజను ఆపేశారు. అప్పుడే ఉత్తరం నుంచి ఒక మరబోటు వేగంగా వచ్చింది. నీలం, తెలుపు రంగులు, పైన తిరిగే దీపం. మెరైన్ పోలీసులు. మెగాఫోన్‌లో బోటు నంబరు చదివి, ఎంతమంది ఉన్నారని అడిగారు. పెద్దాయన పాలిథిన్ కవరు ఎత్తి చూపించాడు. లైటు మన మీద ఒక క్షణం ఎక్కువసేపు ఆగింది.

“ఈయనేనా రాత్రి చెప్పింది?”

“ఈయనే సార్.”

“కొత్త మొహాలు ఎక్కడన్నా కనిపిస్తే చెప్పండి. ఈ రోజు, రేపు సాగర్ కవచ్.”

సాగర్ కవచ్ అంటే తీర భద్రత కసరత్తు. నౌకాదళం, కోస్ట్ గార్డు, మెరైన్ పోలీసులు, పోర్టు భద్రత సిబ్బంది, మత్స్యశాఖ కలిసి చేస్తారు. తమలోనే కొందరిని రెడ్ టీమ్ అని పంపుతారు. వాళ్లు చేపల బోట్లలో మామూలు లుంగీ, బనియన్లతో వచ్చి, ఉత్తుత్తి బాంబు పెట్టెతో ఏ పోర్టులోనో చొరబడాలి. మిగతావాళ్లు బ్లూ టీమ్, ఆపాలి. కృష్ణపట్నం పోర్టు ఈ ఆటలో ఎప్పుడూ ఉండే లక్ష్యం. పత్రికల్లో లోపలి పేజీలో చిన్న ఫోటో వస్తుంది, మోకాళ్ల మీద కూర్చోబెట్టిన ‘ఉగ్రవాదులు’, వెనక నవ్వు ఆపుకుంటున్న కానిస్టేబుళ్లు.

ఫోటో చూస్తే నవ్వొచ్చే మాట నిజమే. నీళ్ల మీద, చీకట్లో, పది బోట్ల మధ్య కూర్చుని ఆలోచిస్తే నవ్వు రాదు. ఆ పదింటిలో తొమ్మిది చేపల కోసం వచ్చినవి, ఒకటి కాదు అనుకోండి. ఏది?

2008 నవంబరులో గుజరాత్ తీరంలో ఎదురైన ప్రశ్న ఇదే. పోరుబందరు నుంచి చేపలకు పోయిన కుబేర్ అనే బోటు. అందులో ఐదుగురు. కరాచీ నుంచి సముద్రం మీద వచ్చిన పదిమంది లష్కరే తోయిబా ముఠా ఆ బోటును పట్టుకుంది. నలుగురిని చంపేశారు. బోటు నడిపేవాడిని మాత్రం ముంబై దాకా తోవ చూపించడానికి ఉంచుకున్నారు. తీరం కనిపించాక అతణ్నీ చంపారు. అక్కడి నుంచి గాలి నింపిన రబ్బరు బోటులో 26వ తేదీ రాత్రి కొలాబా వైపు, జాలర్ల కాలనీ దగ్గర దిగారు. ఆ రాత్రి కటక్‌లో భారత్–ఇంగ్లండ్ వన్డే. చాలా ఇళ్లలో టీవీ ముందు జనం. అయినా బరువైన సంచులతో దిగిన ఆ కుర్రాళ్లను చూసి, ఎవరు మీరు అని అడిగినవాళ్లున్నారు. అడిగింది పోలీసులు కాదు, జాలర్లు. విసురుగా జవాబిచ్చి వాళ్లు రోడ్డెక్కారు. మూడు రోజుల్లో 166 మంది చనిపోయారు.

ఆ కథలో ఒక సంగతి ఈ బోటులో కూర్చుంటే తప్ప సరిగా అర్థం కాదు. కుబేర్‌కు మన దేశపు రిజిస్ట్రేషన్ ఉంది. దాని రంగు మనది, నంబరు మనది, నడిపినవాడు మనవాడు. దూరం నుంచి ఏ గస్తీ నౌక బైనాక్యులర్లు పెట్టి చూసినా ఇంటికి తిరిగొస్తున్న బోటే. దేశానికి సైన్యం ఉంటే దానికి జెండా ఉంటుంది, యూనిఫాం ఉంటుంది, బయలుదేరే రేవు ఉంటుంది. యుద్ధం ప్రకటించాలన్నా ఒక చిరునామా ఉంటుంది. రాజ్యం లేని సాయుధ ముఠాకు ఇవేవీ లేవు. అందుకని మనవి వాడుకుంటుంది. మన పడవ, మన తోవ, మన వేషం.

ఇది ముంబైతో మొదలైంది కాదు. 1991 మే నెల మొదట్లో ఎల్‌టీటీఈ హంతక బృందం జాఫ్నా నుంచి చిన్న పడవలో కోడికరై తీరానికి చేరింది. మూడు వారాల్లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య. శ్రీపెరుంబుదూరు మనం కూర్చున్న చోటి నుంచి కారులో సగం పూట దూరం. 1993లో ముంబై పేలుళ్ల ఆర్డీఎక్స్ రాయగఢ్ తీరంలో పడవల మీదే దిగింది. అదే ఏడాది జనవరిలో ఈ బంగాళాఖాతంలోనే ఎల్‌టీటీఈ నాయకుడు కిట్టు ఉన్న అహత్ అనే నౌకను మన నౌకాదళం, కోస్ట్ గార్డు అడ్డుకున్నాయి. లొంగిపోకుండా నౌకను తగలబెట్టి ముంచేశారు. కిట్టు, మరికొందరు దానితోపాటే పోయారు. ప్రాణాలతో దొరికిన సిబ్బందిని తెచ్చి విచారించింది మన విశాఖపట్నం కోర్టులో. మనకు ఎల్‌టీటీఈ టైగర్ల యుద్ధం జాఫ్నాలోనో, మహా అయితే తమిళనాడులోనో జరిగిందని గుర్తు. ఆంధ్ర తీరం కూడా ఆ పటంలో ఉందని ఎవరికీ గుర్తుండదు.

అంతర్జాతీయ చట్టం కూడా ఇక్కడ తడబడుతుంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం ఓడదొంగతనం (పైరసీ) అంటే సొంత ప్రయోజనం కోసం చేసే హింస, దోపిడీ. సొంత ప్రయోజనం కోసం కాదు, ఆశయం కోసం అనేవాణ్ని ఆ నిర్వచనంలో ఇరికించడం కష్టం. 1985లో పాలస్తీనా సాయుధులు అకిలే లౌరో అనే ప్రయాణికుల నౌకను చెరబట్టాక, 1988లో దానికోసం వేరే ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. భారత్ దానికి తగిన చట్టం చేసుకున్నది 2002లో. సముద్రం మీద ముందు నేరం జరుగుతుంది, చట్టం ఒడ్డు నుంచి తాపీగా బయలుదేరుతుంది.

తూర్పున తెల్లబడుతోంది. వల లాగడం మొదలైంది. ఇద్దరు ముందు, ఒకడు నడుమ, పెద్దాయన ఇంజను దగ్గర. మొదట కవళ్లు, తర్వాత కానాగంతలు, సావడాయి రెండు మూడు. ఒక వంజరం పడగానే నలుగురి మొహాలూ వెలిగాయి. “డీజిలు వచ్చేసింది” అన్నాడు అల్లుడు. చేపలు ఐస్ పెట్టెలోకి పోతున్నాయి, చేతులు ఆగటం లేదు, మాట కూడా ఆగటం లేదు.

“మమ్మల్ని రాడార్లో చూస్తారంట గదా?” అన్నాడు ఇంకొక కుర్రాడు మనతో.

చూస్తారు, చూడలేరు. ముంబై తర్వాత దేశం చుట్టూ లైట్‌హౌసుల మీద, టవర్ల మీద రాడార్లు, కెమెరాలు పెట్టారు. మొదటి విడతలో 46 చోట్ల. ఆ చిత్రమంతా ఢిల్లీ పక్క గురుగ్రామ్‌లో ఉన్న నౌకాదళ కేంద్రానికి చేరుతుంది. అక్కడి తెరల మీద పెద్ద నౌకలు పేరు, ఊరు, వేగంతో సహా కనబడతాయి, ఎందుకంటే అవే తమ సంగతి ప్రసారం చేసుకుంటూ పోతాయి. మూడు వందల టన్నులు దాటిన విదేశీ ప్రయాణపు నౌకలకు ఆ పరికరం తప్పనిసరి. మన దేశంలో ఇరవై మీటర్లు దాటిన చేపల బోట్లకూ పెట్టించారు. మనం కూర్చున్న బోటు పది మీటర్లు కూడా లేదు. ఫైబర్ ఒళ్లు, నీటికి అడుగున్నర పైన అంచు. అల కాస్త లేస్తే రాడార్‌కు అలా, బోటూ ఒకటే. ఇలాంటివి ఈ తీరంలో వేలు. ముఠాలకు కావలసింది కూడా సరిగ్గా ఇలాంటిదే.

ఇక్కడి నుంచి దక్షిణంగా, పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట. ప్రయోగం ఉన్న రోజు ఆ చుట్టుపక్కల నీళ్లలోకి బోట్లు పోకూడదు. రాకెట్ లేస్తే ఈ పాళెం నుంచి కూడా కనబడుతుంది. 2009 ఏప్రిల్ 20న పీఎస్‌ఎల్‌వీ–సి12 లేచింది. దాని మీద రీశాట్–2 ఉంది, ఇజ్రాయెల్ రాడార్ అమర్చిన మూడు వందల కిలోల ఉపగ్రహం. మబ్బులున్నా, చీకటైనా నేలను చూడగలదు. మన దేశపు సొంత రాడార్ ఉపగ్రహం అప్పటికి తయారీలోనే ఉంది. దానికంటే ముందు దీన్ని ఎగరేయాలనే తొందర ముంబై దాడి వల్ల వచ్చింది. కొలాబా ఒడ్డున దిగిన ఒక రబ్బరు బోటుకు జవాబు ఐదు నెలలు తిరక్కుండా నెల్లూరు తీరం నుంచి ఆకాశంలోకి పోయింది. ఆ సంగతి చెప్తే కుర్రాడు ఒక్క క్షణం ఆగి, “పైనుంచి చూస్తే మాత్రం మేం ఎవరమో తెలస్తాదా?” అన్నాడు. చేతిలో చేప జారింది.

శ్రీహరికోట నుంచే 2015 ఆగస్టులో ఎగిరిన జీశాట్–6 ఇప్పుడు ఆ ప్రశ్నకు కొంత జవాబు చెప్పే పనిలో ఉంది. చేపల బోట్లలో చిన్న ట్రాన్స్‌పాండరు పెట్టి, ఫోన్ సిగ్నల్ లేని చోట నుంచి కూడా ఉపగ్రహం ద్వారా బోటు ఎక్కడుందో తెలిసేలా, రెండు వైపులా సందేశాలు పోయేలా చేసే పథకం. 2024 ఆగస్టులో ప్రధాని దాన్ని ప్రారంభించారు, లక్ష బోట్లకు ఉచితంగా ఇస్తామన్నారు. తుపాను కబురుకు, ప్రమాదంలో పిలుపుకు మంచిదే. అయితే ట్రాన్స్‌పాండరు చెప్పేది బోటు సంగతి. కుబేర్‌లో అది ఉన్నా, బోటు పోరుబందరుదేననే చెప్పి ఉండేది.

పొద్దెక్కింది. తిరిగి వస్తూ కృష్ణపట్నం వైపు చూస్తే, రేవులో చోటు కోసం ఎదురుచూస్తూ లంగరేసిన నౌకలు కనబడుతున్నాయి. కొన్ని ఇండోనేసియా బొగ్గు. కొన్ని వంటనూనె. పోర్టు బయట పంటపాళెం చుట్టుపక్కల నూనె శుద్ధి కర్మాగారాలు బారులు తీరి ఉంటాయి. మన దేశం తినే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ తూర్పు నుంచి వస్తుంది, దానికి పేచీ లేదు. పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా నల్ల సముద్రం నుంచి, అంటే సూయజ్ దాటి, ఎర్ర సముద్రం గుండా, బాబ్ ఎల్ మండెబ్ అనే ఇరుకు సందు దాటి రావాలి.

2023 నవంబరులో యెమెన్‌కు చెందిన హూతీలు ఆ సందు పట్టుకున్నారు. హెలికాప్టరులో దిగి గెలాక్సీ లీడర్ అనే నౌకను చెరబట్టిన వీడియో లోకమంతా చూసింది. తర్వాత డ్రోన్లు, క్షిపణులు. వందకు పైగా వాణిజ్య నౌకల మీద దాడులు, కొన్ని మునిగిపోయాయి. 2024 జనవరిలో మార్లిన్ లువాండా అనే ట్యాంకరుకు క్షిపణి తగిలి మంటలు లేస్తే, పోయి ఆర్పినవాళ్లలో మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం సిబ్బంది ఉన్నారు. ఆ ట్యాంకరులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. పెద్ద నౌకా సంస్థలు ఎర్ర సముద్రం మానేసి ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. పది రోజులకు పైగా ఎక్కువ ప్రయాణం, దానికి తగ్గ ఇంధనం, బీమా.

హూతీలను సోనా బోట్లతోనో, లష్కరేతోనో ఒకే గాట కట్టలేం. వాళ్ల చేతిలో యెమెన్ రాజధాని సనా ఉంది, ఓడల్ని కొట్టే క్షిపణులున్నాయి. గుర్తింపు మాత్రం దాదాపు ఎవరూ ఇవ్వలేదు. రాజ్యం కాని రాజ్యం. ఒక ముఠా ఇంత బలపడితే దాన్ని ఏమని పిలవాలో, ఎవరితో మాట్లాడాలో లోకానికి ఇంకా తేలలేదు. అమెరికా, బ్రిటన్ బాంబులు వేశాయి, దాడులు ఆగి ఆగి సాగాయి.

ఒడ్డున వేలం. వంజరం పోయింది, కానాగంతలు పోయాయి, కవళ్లు ఎండుచేపకు. టీ తాగి రోడ్డెక్కాం. దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలు, నీళ్లు చిమ్ముతున్న ఏరేటర్లు. ఒక గట్టు మీద చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూస్తున్న రైతును పలకరించాం. ఎర్ర సముద్రం గొడవ ముదిరిన రోజుల్లో కొనేవాళ్లు ఏమన్నారని అడిగాం.

“ఏమంటారు, కంటైనరు కిరాయి పెరిగింది, సరుకు లేటుగా పోతాంది, రేటు తగ్గించుకోండి అన్నారు. వంద కౌంట్ రొయ్య తెగనమ్ముకున్నాం. ఎవుడో కొట్లాడుకుంటే నాకేంది సంబంధం అని అడిగినా. నవ్వినాడు.”

మేత సంచి ధర తగ్గిందా అని అడిగితే ఈసారి ఆయనే నవ్వాడు. కొనేవాడు చెప్పిన కారణంలో నిజమెంత, సాకెంత అనేది వేరే లెక్క. అమెరికా తూర్పు తీరానికి, యూరపుకు పోయే మన రొయ్య సూయజ్ దారినే పోతుంది కాబట్టి కిరాయి పెరిగిన మాట అబద్ధం కాదు. దూరపు సముద్రంలో పడ్డ క్షిపణి తాలూకు నష్టం ఎక్కడికక్కడ చేతులు మారి, కిందికి తోసుకుంటూ వచ్చి, ఇంకెవరి మీదికీ తోయలేని మనిషి దగ్గర ఆగింది.

చిల్లకూరు, కోట మీదుగా దక్షిణానికి. 2022లో జిల్లాల గీతలు మార్చినా, ఇక్కడివాళ్ల నోట ఇది నెల్లూరు తీరమే. విద్యానగర్ దాటుతుంటే డ్రైవరు తనకు తానే చెప్పాడు, “ఈడనే సార్, మందుపాతర పేల్చింది.” 2007 సెప్టెంబరు 7. మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన రెడ్డి, అప్పటి మంత్రి అయిన ఆయన భార్య రాజ్యలక్ష్మి వాకాడు నుంచి ఈ దారిన వస్తున్నారు. మావోయిస్టులు మందుపాతర పేల్చారు. దంపతులు బతికారు, ముగ్గురు చనిపోయారు. నల్లమల నుంచి నెల్లూరు తీరపు వరి పొలాల మధ్యకు ఆ యుద్ధం ఎట్లా వచ్చిందని ఆ రోజు ఆశ్చర్యపోయినవాళ్లు చాలామంది. రోడ్డు మామూలు రోడ్డు. రెండు పక్కలా నారుమళ్లు. అక్కడా అదే తంతు, యుద్ధానికి వేరే మైదానం ఉండదు, జనం తిరిగే దారే మైదానం.

స్వర్ణముఖి బ్యారేజీ దాటి వాకాడు, అక్కడి నుంచి దుగరాజపట్నం. రాష్ట్రంలో తొలి విడతలో పెట్టిన ఆరు మెరైన్ పోలీస్ స్టేషన్లలో ఒకటి ఇక్కడిది. ఎందుకిక్కడ అంటే వేలు దక్షిణానికి చూపిస్తారు, శ్రీహరికోట. దగ్గర్లో లైట్‌హౌసు. ఈ ఊరి పాత పేరు ఆర్మగాన్. 1620లలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కోట కట్టుకుని ఫిరంగులు పెట్టింది. మద్రాసు ఇంకా పుట్టలేదు, 1640లో గానీ ఇంగ్లీషువాళ్లు అక్కడికి మారలేదు. రాజ్యం కాదు, వ్యాపార సంస్థ. చేతిలో ఆయుధాలు, సొంత ఓడలు, ఎవరికీ పూర్తిగా జవాబు చెప్పనక్కర్లేని ధీమా. ఇప్పటి భద్రతా నిపుణులు రాజ్యేతర సాయుధ శక్తి అని రాసే మాటకు ఈ ఇసుకలో దిగినవాళ్లలో దానికంటే బాగా సరిపోయేవాళ్లు కనబడరు. కాకపోతే ఆ ముఠా తర్వాత దేశాన్నే ఏలింది కాబట్టి చరిత్ర పుస్తకాల్లో వేరే అధ్యాయంలో పెట్టారు.

సాయంత్రం ఐదు. ఆ దగ్గర్లోని ఒక పాళెంలో, రాములవారి గుడి ముందు షామియానా కింద అవగాహన సదస్సు. ప్లాస్టిక్ కుర్చీల్లో ముందు వరుసలో పాళెం పెద్దలు. వెనక కుర్రాళ్లు నిలబడి ఉన్నారు, ఆడవాళ్లు అరుగు మీద. ఎస్ఐ మైకు తీసుకున్నాడు. వయసు ముప్పై దాటి ఉండదు. కసరత్తు సంగతి చెప్పాడు, సముద్రంలో అనుమానం వస్తే 1093కు గానీ, కోస్ట్ గార్డు 1554కు గానీ ఫోన్ చేయాలన్నాడు. “మా కంటే ముందు మీరే చూస్తారు. మీరే మా కళ్లూ, చెవులూ.”

ఈ మాట ఈ తీరంలో ప్రతి సదస్సులోనూ వినబడుతుంది. నిజమే కూడా. కొలాబాలో ముందు చూసింది జాలర్లే. నాకు తట్టే సందేహం ఒకటే, కళ్లూ చెవులూ అయిన మనిషి జీతగాడు కాదు, కాపలా కాసేందుకు బయలుదేరినవాడూ కాదు. అప్పు చేసి డీజిలు పోసుకుని, వేట లేకపోతే వడ్డీ కట్టుకునేవాడు. ఏటా 61 రోజుల నిషేధంలో ఇల్లు ఈదుకొచ్చేవాడు. కార్డు మరిచిపోతే అనుమానితుడు, కార్డు ఉంటే కాపలాదారుడు.

ముందు వరుసలో ఒక పెద్దమనిషి లేచాడు.

“సార్, చెప్పమంటే చెప్తాం. ఫోన్ చేస్తాం, సరే. పదిహేను మైళ్లు దాటితే సిగ్నల్ యాడుంటాది?”

“అందుకే ట్రాన్స్‌పాండర్లు వస్తున్నాయి.”

“వస్తే సరే. అనుమానం బోటని మేం చెప్పినాం అనుకో, మీరు వచ్చిందాకా ఆ బోటును కనిపెట్టుకోని ఉండాలంటారు. ఆ పూట వేట పోయినట్టే గదా. దానికెవురిస్తారు?”

ఎస్ఐ వెంటనే జవాబివ్వలేదు. పక్కనున్న మత్స్యశాఖ ఉద్యోగి వైపు చూశాడు, ఆయన కాగితాలు సర్దుకుంటున్నాడు. “దేశం కోసం కదా” అన్నాడు ఎస్ఐ చివరికి. మాట అన్నాక అది చాలదని తనకే తెలిసినట్టు, “పై వాళ్లకు రాస్తాను” అని కలిపాడు.

వెనక నుంచి ఒక కుర్రాడు ముందుకు వచ్చాడు, చేతిలో ఫోను. “కొత్త బోటు కనబడితే నంబరు చెప్పమన్నారు గదా సార్. ఇదిగో, నిన్న రాత్రి తీసినా. మన వలల మీదనే లాగినారు. తమిళనాడు నంబరు, స్పష్టంగా ఉండాది. రాసుకోండి.”

“అది వేరే తమ్ముడూ. అది సోనా బోటు. ఫిషరీస్ వాళ్లకు చెప్పుకోవాల.”

“మా నీళ్లల్లోకి చెప్పకుండా వచ్చింది గదా సార్?”

“వచ్చింది. కానీ వాళ్లు...”

“వాళ్లు ఎవురో మీకు తెలుసా?”

షామియానా కింద ఒకేసారి పదిమంది మాట్లాడటం మొదలుపెట్టారు. అరుగు మీది ఆడవాళ్లు అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నారు. పోయిన నెల తెగిపోయిన వల ఖరీదు ఎంతో చెబుతోంది ఒకామె, ఎస్ఐ మైకు ఆపి ఆమె వైపు నడిచాడు. మత్స్యశాఖ ఉద్యోగి సంచిలోంచి ఒక పుస్తకం తీసి, కుర్రాణ్ని ఫోను ఇటు తెమ్మని పిలిచి, నంబరు రాసుకోవడం మొదలుపెట్టాడు.